బొమ్మా బొరుసూ చెప్పే సంగతులు: రోమన్ వెండి దీనారం

1842లో కోయంబత్తూరు పక్కనున్న వెళ్ళలూరులో 522 వెండి నాణేలు బయటపడ్డాయి. ఇప్పుడు బెంగళూరు నగరంలో కలిసిపోయిన యశ్వంతపురంలో 163 దొరికాయి. ఉడుమలైపేట ప్రాంతంలోని బూదినత్తంలో దాదాపు 1400, నల్లగొండ జిల్లా అక్కంపల్లిలో 1500 పైచిలుకు దొరికాయి. మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా కాపురాలు చేస్తున్న నేలలో దొరికినా ఆ నాణేలు ఇక్కడ ముద్రించినవి కావు. దాదాపు రెండువేల ఏళ్ళ కిందట రోమన్ సామ్రాజ్యంలో తయారై, సముద్రం దాటి వచ్చినవి.

అలాంటి నాణెం కంటబడితే దాన్ని ఎలా చదవాలి, దాని మీది బొమ్మలకు అర్థమేమిటి, అంత దూరం నుంచి ఇక్కడికి ఎందుకొచ్చింది? ఈ మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో జవాబు చెబుతున్నాం. ఇంట్లో తాతల నాటి ఇనప్పెట్టె ఉన్నవాళ్ళు, బంగారం వెండి పనిలో ఉన్నవాళ్ళు చివరి భాగం తప్పక చదవాలని మా మనవి.

దీనారం అంటే ఏమిటి?

రోమన్ల ప్రధాన వెండి నాణెం పేరు లాటిన్‌లో దేనారియుస్. ‘పదేసి’ అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు వచ్చింది. మొదట్లో ఒక దీనారానికి పది ‘ఆస్’ అనే రాగి జాతి నాణేలు వచ్చేవి. క్రీ.పూ. 141 ప్రాంతంలో మారకం పదహారుకు మారినా పేరు మాత్రం మారలేదు. నాలుగు ‘సెస్టెర్షియస్’లు ఒక దీనారం. ఇరవై ఐదు దీనారాలు ‘ఆరియస్’ అనే ఒక బంగారు నాణెం.

కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, క్రీ.పూ. 211 ప్రాంతంలో రోము దీన్ని మొదలుపెట్టింది. తొలి నాణేలు దాదాపు నాలుగున్నర గ్రాములు తూగేవి. తర్వాత బరువు 3.9 గ్రాముల దగ్గర చాలాకాలం నిలిచింది. మన లెక్కలో తులానికి మూడు. వెడల్పులో ఇప్పటి అర్ధరూపాయి బిళ్ళంత ఉంటుంది. అగస్టస్ చక్రవర్తి కాలంలో రోమన్ కాల్బలంలో మామూలు సైనికుడి జీతం ఏడాదికి 225 దీనారాలు.

రోము నగరంలో టంకశాల జూనో మొనేటా దేవత గుడి దగ్గర ఉండేది. ‘మనీ’, ‘మింట్’ అనే ఇంగ్లీషు మాటలు రెండూ ఆ దేవత పేరులోంచి వచ్చినవే.

దీనారం అన్న మాట మనకూ కొత్తది కాదు. సంస్కృతంలో అది బంగారు నాణేనికి పేరైంది. నాగార్జునకొండ శాసనాల్లో ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధర భట్టారిక 170 ‘దినారి మాషకాలు’ దానమిచ్చినట్టు ఉంది. విజయనగరంలో శ్రీనాథుడికి జరిగిన కనకాభిషేకం దీనార టంకాలతోనే జరిగిందని మన సాహిత్య చరిత్ర చెబుతుంది. తెలుగు బైబిల్లో కనిపించే ‘దేనారము’ కూడా ఈ నాణెమే.

ఎలా ముద్రించేవారు?

వెండి బిళ్ళను వేడిచేసి, దిమ్మలో బిగించిన అచ్చు మీద పెట్టేవారు. పైన ఇంకో అచ్చు ఉంచి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టేవారు. కింది అచ్చు బొమ్మ వైపు, పై అచ్చు బొరుసు వైపు. అంతా చేతిపని కాబట్టి ఏ రెండు నాణేలూ అచ్చంగా ఒకేలా ఉండవు. బొమ్మ ఒక పక్కకు ఒరిగిపోవడం, అక్షరాలు సగం బయటికి పోవడం, అంచు గుండ్రంగా లేకపోవడం మామూలే. అసలు నాణేన్ని గుర్తుపట్టడానికి ఈ లోపాలే పనికొస్తాయి.

రాజు లేని రోజుల బొమ్మలు

తొలి దీనారం బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత తల, వెనక పది అంకెను సూచించే గుర్తు ఉంటాయి. బొరుసు వైపు గుర్రాల మీద దూసుకుపోతున్న ఇద్దరు కవల దేవుళ్ళు, కింద రోము పేరు. యుద్ధంలో ఈ కవలలు తమకు సాయం చేశారని రోమన్ల నమ్మకం. మన అశ్వినీ దేవతలు గుర్తుకొస్తే తప్పేమీ లేదు. వాళ్ళూ గుర్రాలతో ముడిపడిన కవలలే.

అప్పట్లో రోములో రాజు లేడు. టంకశాల బాధ్యత ఏటా ముగ్గురు యువ అధికారులకు అప్పగించేవారు. వీళ్ళు పెద్దింటి పిల్లలు, ముందుముందు ఎన్నికల్లో నిలబడాల్సినవాళ్ళు. అందుకని కొన్నాళ్ళకు నాణేల మీద తమ వంశం గొప్పలు వేయించడం మొదలుపెట్టారు. ముత్తాత గెలిచిన యుద్ధం, తాత కట్టించిన కట్టడం, తమ ఇంటిపేరుకు మూలమైన పురాణకథ అన్నీ వెండి బిళ్ళ మీదికి ఎక్కాయి. క్రీ.పూ. 89లో టిటూరియస్ సబీనస్ అనే అధికారి వేయించిన నాణెం మీద రోమన్లు సబీన్ స్త్రీలను ఎత్తుకుపోతున్న దృశ్యం ఉంటుంది. అతని ఇంటిపేరుకూ సబీన్ జాతికీ ఉన్న సంబంధాన్ని అలా చాటుకున్నాడు.

ఎదురు తిరిగినవాళ్ళకూ నాణెమే గొంతు అయింది. క్రీ.పూ. 91లో ఇటలీలోని మిత్ర జాతులు సమాన పౌరసత్వం కోసం రోము మీద తిరగబడ్డాయి. వాళ్ళు సొంతంగా దీనారాలు ముద్రించారు. ఒకదాని మీద ఎద్దు తోడేలును కొమ్ములతో కుమ్ముతూ ఉంటుంది. తోడేలు రోముకు గుర్తు, ఎద్దు ఇటలీకి గుర్తు. చదువురానివాడికి కూడా ఆ మాట అర్థమై ఉంటుంది.

సీజర్ ముఖం, బ్రూటస్ బాకులు

క్రీ.పూ. 49లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు జూలియస్ సీజర్ తన సైన్యం కోసం వేయించిన దీనారం మీద ఏనుగు ఒక సర్పం లాంటి దాన్ని తొక్కుతూ ఉంటుంది. కింద సీజర్ పేరు తప్ప ఇంకేమీ లేదు.

క్రీ.పూ. 44లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. రోము టంకశాల నుంచి బతికున్న రోమన్ ముఖంతో నాణేలు రావడం అదే మొదలు. ముఖం చుట్టూ ‘జీవితకాల నియంత’ అన్న అర్థమున్న మాటలు వేయించిన నాణేలూ ఉన్నాయి. అప్పటిదాకా దేవతలకూ పూర్వీకులకూ దక్కిన చోటు అది. ఆ ఏడాది మార్చి 15న సీజర్‌ను పొడిచి చంపారు.

చంపినవాళ్ళలో ముఖ్యుడైన బ్రూటస్ క్రీ.పూ. 42లో వేయించిన దీనారం ప్రాచీన నాణేలన్నిటిలో పేరుమోసింది. బొరుసు వైపు రెండు బాకులు, మధ్యలో ఒక టోపీ, కింద ఆ మార్చి తేదీ. బానిసకు విముక్తి ఇచ్చినప్పుడు రోమన్లు అతనికి పెట్టే టోపీ అది. నియంతను చంపి దేశానికి విడుదల ఇచ్చామని దాని భావం. అదే నాణెం బొమ్మ వైపు మాత్రం బ్రూటస్ తన ముఖమే వేయించుకున్నాడు. సీజర్ మీద వచ్చిన నింద తన నాణెం మీదా నిలిచింది.

ఆ తర్వాత మార్క్ ఆంటోనీ క్రీ.పూ. 32–31లో తన సైన్యానికి జీతాలివ్వడానికి పెద్ద ఎత్తున దీనారాలు ముద్రించాడు. ఒక వైపు యుద్ధనౌక, రెండో వైపు సైనిక ధ్వజాల మధ్య గద్ద, పక్కన దళం సంఖ్య. వీటిలో వెండి కాస్త తక్కువని అందరికీ తెలుసు. అందుకే మంచి నాణేలను దాచుకుని వీటిని చలామణీలోకి తోసేవారు. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా బొమ్మ అరిగిపోయి ఇవి చేతులు మారుతూనే ఉన్నాయి.

అగస్టస్, తిబేరియస్: మన నేలలో ఎక్కువగా దొరికే రెండు రకాలు

ఆంటోనీని, క్లియోపాత్రాను ఓడించిన ఆక్టేవియన్ తర్వాత అగస్టస్ పేరుతో తొలి చక్రవర్తి అయ్యాడు. క్రీ.పూ. 28లో వచ్చిన అతని దీనారం మీద ఒక మొసలి, ‘ఈజిప్టు పట్టుబడింది’ అన్న రెండు మాటలు ఉంటాయి. ఒక దేశాన్ని గెలిచిన సంగతి చెప్పడానికి అంతకంటే తక్కువ చాలదు.

మన దేశంలో ఎక్కువగా దొరికే అగస్టస్ దీనారం వేరే ఉంది. అది క్రీ.పూ. 2 నుంచి కొన్నేళ్ళపాటు లుగ్దునుంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ముద్రించినది. బొమ్మ వైపు ఆకుల దండ పెట్టుకున్న అగస్టస్ తల. బొరుసు వైపు ఎదురుగా నిలబడ్డ ఇద్దరు యువకులు, వాళ్ళ మధ్య రెండు డాళ్ళు, ఈటెలు, పైన పూజకు వాడే గరిటె, వంకీ కర్ర. ఆ యువకులు గాయస్, లూసియస్. అగస్టస్ కూతురు జూలియా కొడుకులు. సింహాసనం తర్వాత వీళ్ళదేనని అగస్టస్ మనవలిద్దరినీ దత్తత తీసుకున్నాడు. లూసియస్ క్రీ.శ. 2లో, గాయస్ క్రీ.శ. 4లో చనిపోయారు. తాత ఆశ నాణేల మీద మాత్రం మిగిలింది.

రెండో రకం క్రీ.శ. 14–37 మధ్య ఏలిన తిబేరియస్‌ది. బొమ్మ వైపు అతని తల. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ, ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో కొమ్మ. ఆమె తిబేరియస్ తల్లి లివియా అని చాలామంది పండితుల అభిప్రాయం. పక్కన ‘ప్రధాన పూజారి’ అనే అర్థంలో లాటిన్ మాటలుంటాయి. దాదాపు అతని ఏలుబడి అంతా ఈ బొమ్మ పెద్దగా మారలేదు. పన్ను విషయంలో ఈ ముఖమెవరిదని ఏసు అడిగిన నాణెం ఇదే అయ్యుంటుందని సాధారణంగా చెబుతారు.

బొమ్మల భాష

తర్వాతి చక్రవర్తుల కాలంలో దీనారం మీద బొమ్మల భాష స్థిరపడింది. గుర్తులు కొన్ని తెలిస్తే చాలావరకు మనమే చదువుకోవచ్చు.

త్రాసు, ఫలాలు నిండిన కొమ్ము పట్టుకున్న స్త్రీ: సరైన తూకం, న్యాయం.
చుక్కాని, ఫలాల కొమ్ము పట్టుకున్న స్త్రీ: అదృష్ట దేవత.
రెక్కలు, చేతిలో పూలదండ: విజయలక్ష్మి లాంటి విక్టోరియా.
ఆలివ్ కొమ్మ: శాంతి.
పాముకు ఆహారం పెడుతున్న స్త్రీ: ఆరోగ్యం, క్షేమం.
కలుపుకున్న రెండు చేతులు: నమ్మకం, ఒప్పందం.
నెమలి: చనిపోయి దేవతల్లో చేరిన మహారాణి.
ఏడుస్తూ కింద కూర్చున్న స్త్రీ, పక్కన ఆయుధాల రాశి: ఓడిపోయిన దేశం.

చివరి గుర్తు వెనుక ఎంతో దుఃఖం ఉంది. క్రీ.శ. 70లో జెరూసలేము పతనమయ్యాక వెస్పేసియన్ చక్రవర్తి వేయించిన నాణేల మీద యూదయ దేశం అలా కూర్చుని ఉంటుంది. గెలిచినవాడి సంబరం, ఓడినవాడి ఏడుపు ఒకే బిళ్ళకు బొమ్మా బొరుసూ.

బొమ్మ మెరిసింది, వెండి తగ్గింది

అగస్టస్, తిబేరియస్ల దీనారం దాదాపు స్వచ్ఛమైన వెండి. క్రీ.శ. 64లో నీరో బరువు తగ్గించి, దాదాపు ఐదో వంతు రాగి కలిపాడు. నూట ముప్పై ఏళ్ళ తర్వాత సెప్టిమియస్ సెవెరస్ కాలానికి వెండి సగానికి పడిపోయింది. క్రీ.శ. 215లో కారకల్లా కొత్త నాణెం తెచ్చాడు. దాని మీద చక్రవర్తి తలకు సూర్యకిరణాల కిరీటం ఉంటుంది. అది రెండు దీనారాలకు సమానమని నమ్మకం, అందులోని వెండి మాత్రం దీనారంన్నరకు మించదు. క్రీ.శ. 270 ప్రాంతానికి ఆ కొత్త నాణెం కూడా వెండి పూత పూసిన రాగి బిళ్ళ అయిపోయింది.

వెండి తగ్గుతున్న ఆ కాలంలో వచ్చిన నాణేల మీద సమృద్ధి, నమ్మకం, సరైన తూకం అన్న దేవతలు ఎప్పటిలాగే నిలబడి ఉంటారు. మన భాషలో నాణెం, నాణ్యం పక్కపక్కనే ఉండే మాటలు. రోములో ఆ రెండూ విడిపోయాయి.

ఇక్కడికి ఎందుకు వచ్చాయి?

మిరియాలు, నూలు బట్ట, ముత్యాలు, రాళ్ళు. రోము ఇక్కడి నుంచి కొన్నవాటిలో ముఖ్యమైనవి ఇవి. కొంగునాడులోని పడియూరులో దొరికే బెరిల్ రాళ్ళకు అక్కడ గిరాకీ ఉండేది. పడమటి తీరపు రేవుల నుంచి పాలక్కాడు కనుమ మీదుగా కరూరు వైపు వెళ్ళే దారిలోనే కోయంబత్తూరు ప్రాంతపు నిధులు దొరికాయి. ఏటా అయిదు కోట్ల సెస్టెర్షియస్‌లు భారతదేశానికి పోతున్నాయని ప్లినీ అనే రోమన్ రచయిత వాపోయాడు. దీనారాల్లో అది కోటీ పాతిక లక్షలు. యానాం మిత్రులకు దగ్గరి పేరైన పుదుచ్చేరి పక్కనే అరికమేడు ఉంది. అక్కడ 1945లో మోర్టిమర్ వీలర్ తవ్వకాల్లో ఇటలీ మట్టిపాత్రలు బయటపడి ఈ వర్తకానికి సాక్ష్యం పలికాయి.

ప్లినీ ఇంకో సంగతి కూడా రాశాడు. ఒక రోమన్ గుత్తేదారు సేవకుడు గాలికి కొట్టుకుపోయి సింహళం చేరాడు. అతని దగ్గరున్న దీనారాలను అక్కడి రాజు పరిశీలించాడు. వాటి మీది ముఖాలు వేరు వేరు, అంటే వేర్వేరు ఏలికల కాలంలో ముద్రించినవి. అయినా అన్నీ ఒకే బరువు తూగాయి. ఆ నిజాయితీకి మెచ్చి రాజు రోముకు దూతలను పంపాడట.

మన నేలలోని నిధులు కూడా అదే చెబుతున్నాయి. వెళ్ళలూరు, అక్కంపల్లి, చిత్రదుర్గం పక్కనున్న చంద్రవల్లి, ఎక్కడ చూసినా అగస్టస్, తిబేరియస్ల వెండే ఎక్కువ. నీరో కల్తీ తర్వాతి దీనారాలు బాగా తక్కువ. ఇక్కడి వర్తకుడికి గాయస్, లూసియస్ ఎవరో అక్కర్లేదు. కానీ ఇద్దరు మనుషులు, రెండు డాళ్ళు కనిపిస్తే వెండి మంచిదని తెలుసు. రోములో వారసత్వం చాటిన బొమ్మ ఇక్కడ నాణ్యానికి గుర్తయింది. ఇక్కడ అదే బొమ్మతో అనుకరణ నాణేలు తయారు కావడానికీ ఈ నమ్మకమే కారణం.

మరి లోపల రాగి ఉందేమో? అక్కంపల్లి నాణేల్లో చాలావాటి మీద చిన్న ముద్రలు, గాట్లు కనిపిస్తాయి. 1898లో పుదుక్కోట్టై ప్రాంతంలో దొరికిన 501 బంగారు నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖాన్నే ఉలితో గాటు పెట్టారు. మళ్ళీ నాణెంగా చెల్లకుండా, లోహంగానే వాడుకోవడానికి అలా చేశారని కొందరి అభిప్రాయం.

కొందరికి ఆ బొమ్మే నచ్చింది. రోమన్ నాణేల అచ్చుతో చేసిన మట్టి బిళ్ళలు తెలంగాణలోని కొండాపూర్‌లో, మహారాష్ట్రలోని తేర్‌లో, ఒడిశాలో భువనేశ్వర్ పక్కనున్న శిశుపాల్‌గఢ్‌లో దొరికాయి. వాటిని మెడలో వేసుకునేవారు. మన కాసుల పేరుకు ఆ ముచ్చట దూరపు చుట్టమని మేము అనుకుంటాం.

నాణెం మీద రాజు ముఖం వేసే పద్ధతి సాతవాహనులకు పశ్చిమ క్షత్రపుల వెండి నాణేల ద్వారా వచ్చింది. నాణేన్ని ప్రకటనగా వాడడం మాత్రం మనవాళ్ళకూ బాగా తెలుసు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా క్షత్రప నాణేలు దొరికాయి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల మీద, ఓడిపోయిన నహపాణుడి ముఖం పైనే గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు కొట్టించాడు. బ్రూటస్ బాకుల లాంటి మాటే అది.

మీ చేతికి వస్తే

పునాది తవ్వినప్పుడో, బావి పూడిక తీసినప్పుడో ఇలాంటివి బయటపడతాయి. ఎన్నో నాణేలు ఎవరూ చూడకముందే మూసలో కరిగిపోయాయి. కరిగిస్తే దొరికేది తులంలో మూడో వంతు వెండి. పోయేది ఆ ఊరి చరిత్ర.

చింతపండు, విభూతి, కుంకుడు రసం పెట్టి తోమకండి. నల్లటి పొర పోతే బొమ్మ కూడా పోతుంది. అంచు పట్టుకుని రెండు వైపులా ఫొటో తీయండి, బరువు రాసుకోండి. ఎక్కడ, ఎంత లోతులో, వేటితో కలిసి దొరికిందో రాసి పెట్టండి. అన్నీ కలిపే ఉంచండి, పంచుకోవద్దు. నిధిని విడదీస్తే అది ఏ కాలంలో దాచిందో తేల్చడం కష్టం.

భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. ప్రభుత్వం తీసుకుంటే విలువ కట్టి చెల్లించే ఏర్పాటు కూడా అందులో ఉంది. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు.

నకిలీలు కూడా తిరుగుతున్నాయి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటే, పోత పోసిన చిన్న చిన్న బుడగల గుంటలు కనిపిస్తే, రెండు నాణేలు ఒకే గీతతో సహా అచ్చంగా ఒకేలా ఉంటే అనుమానించండి. పోల్చి చూడాలంటే చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో, హైదరాబాద్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో రోమన్ నాణేలున్నాయి. సెలవుల్లో పిల్లలతో వెళ్ళినప్పుడు ఇద్దరు యువకులు, రెండు డాళ్ళు ఉన్న బిళ్ళను వెతకమనండి. మన ఊళ్ళ దారుల్లో నడిచిన దీనారం అదే.